క్యూఏటీ ఆన్ చేసినా స్పీడ్ పెరగలేదా? డ్రైవర్ సెటప్, ట్యూనింగ్ మొదటి నుంచి

"సర్వర్‌లో క్యూఏటీ ఉందన్నారు, ఆన్ చేశాను, ఏమీ తేడా లేదు." ఈ మధ్య నన్ను ఎక్కువ మంది అడుగుతున్నది ఇదే. దీని తోబుట్టువు లాంటి ప్రశ్న ఇంకొకటి: "ఆన్ చేశాక ఇంకా నెమ్మదించింది, ఎందుకు?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

క్యూఏటీ అంటే ఇంటెల్ క్విక్‌అసిస్ట్ టెక్నాలజీ. ఎన్‌క్రిప్షన్, కంప్రెషన్ పనులను సీపీయూ కోర్ల మీద నుంచి తీసి తను చేసిపెట్టే హార్డ్‌వేర్. ఒకప్పుడు ఇది చిప్‌సెట్‌లోనో, విడి పీసీఐ కార్డు మీదో ఉండేది. 2023 జనవరిలో విడుదలైన నాలుగో తరం జియాన్ నుంచి ప్రాసెసర్ ప్యాకేజీలోకే వచ్చేసింది. మోడల్‌ను బట్టి ఒక్కో సాకెట్‌కి, అంటే ఒక్కో ప్రాసెసర్‌కి, నాలుగు దాకా క్యూఏటీ డివైస్‌లు ఉంటాయి. ఈ వ్యాసం ఆ తరం గురించే. పాత చిప్‌ల సంగతి చివర్లో రెండు మాటల్లో చెప్తాను.

థియరీ కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తాను. గుప్పెడు బియ్యం పిండి కావాలంటే ఇంట్లో మిక్సీలో వేసుకుంటాం, బస్తా అయితే పిండిమరకి తీసుకెళ్తాం. సీపీయూలోనే ఉన్న ఏఈఎస్ ఇన్‌స్ట్రక్షన్లు మిక్సీ. క్యూఏటీ పిండిమర. గుప్పెడు తీసుకెళ్లి, పట్టించుకుని ఇంటికొచ్చి, మళ్లీ ఇంకో గుప్పెడు తీసుకెళ్తే మర ఎంత పెద్దదైనా మీ కాళ్లు నొప్పులు పుట్టడం తప్ప లాభం లేదు. స్పీడ్ పెరగలేదన్న ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇదే కథ. మిగతావి చిన్న చిన్న కాన్ఫిగ్ తప్పులు.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు వాటి అసలు ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టండి. లైనక్స్ కమాండ్ లైన్ అలవాటున్న వాళ్లకి ఇది కష్టమేమీ కాదు.

ముందుగా ఇవి చేతిలో ఉండాలి

- నాలుగో తరం లేదా ఆ తర్వాతి జియాన్ ఉన్న, మీకు రూట్ యాక్సెస్ ఉన్న అసలు సర్వర్. క్లౌడ్‌లో మామూలు వర్చువల్ మెషీన్ తీసుకుంటే కింద ఉన్న ప్రాసెసర్‌లో క్యూఏటీ ఉన్నా మీకు కనపడకపోవచ్చు.
- లైనక్స్ కెర్నెల్ 6.0 లేదా ఆ పైది. ఈ తరం డ్రైవర్ 5.11 నుంచే కెర్నెల్‌లో ఉంది. కానీ సర్వీసులు (ఎన్‌క్రిప్షనా, కంప్రెషనా అన్నది) మార్చుకునే సిస్‌ఎఫ్ఎస్ ఫైళ్లు, అంటే డివైస్ సెట్టింగులను కెర్నెల్ ఫైళ్ల రూపంలో చూపించేవి, 6.0లో వచ్చాయి. రెడ్ హ్యాట్ లాంటి వాళ్లు తమ కెర్నెల్‌లోకి ఇవన్నీ వెనక్కి తెచ్చి కలుపుతారు కాబట్టి అక్కడ వెర్షన్ నంబర్ చూసి భయపడొద్దు.
- బయోస్‌లోకి వెళ్లే వీలు. అది ఇంకో టీమ్ చేతిలో ఉంటే ఇవాళే టికెట్ పెట్టేయండి, ఎక్కువ ఆలస్యం అక్కడే.
- ఒక గంట డౌన్‌టైమ్. ఒకటో రెండో రీబూట్లు ఖాయం.

1. హార్డ్‌వేర్ నిజంగా ఉందా?

ఈ కమాండ్ ఇవ్వండి:

ఎల్ఎస్‌పీసీఐ -డీ 8086:4940

ఒక్కో క్యూఏటీ డివైస్‌కి ఒక లైన్ రావాలి. రాకపోతే 4940 బదులు 4942, 4944 కూడా పెట్టి చూడండి, అవి ఇదే కుటుంబంలోని ఇతర రకాలు. ఏదీ రాకపోతే రెండే కారణాలు: బయోస్‌లో ఆపేసి ఉండాలి, లేదా మీ ప్రాసెసర్ మోడల్‌లో క్యూఏటీయే లేదు. నాలుగో తరం జియాన్ అయినంత మాత్రాన అన్ని మోడళ్లలోనూ ఉండదు. ఇంటెల్ సైట్‌లో ఆ మోడల్ పేజీ తెరిస్తే ఎన్ని క్యూఏటీ డివైస్‌లు ఉన్నాయో అంకెతో సహా రాసి ఉంటుంది. సున్నా ఉంటే ఇక్కడితో ఆపేయండి, మీ సాయంత్రం మిగులుతుంది.

2. బయోస్, కెర్నెల్ పారామీటర్

బయోస్‌లో రెండు ఆన్ చేయాలి: వీటీ-డీ (డివైస్‌లు మెమరీని తాకే తీరును అదుపు చేసే ఐఓఎంఎంయూకి ఇంటెల్ పేరు), ఎస్ఆర్-ఐఓవీ (ఒక డివైస్‌ను చాలా డివైస్‌లుగా చూపించే ఏర్పాటు). తర్వాత కెర్నెల్ బూట్ లైన్‌లో ఇది కలపాలి:

ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆన్

ఫెడోరా, రెడ్ హ్యాట్‌లో గ్రబ్బీతో, ఉబుంటులో గ్రబ్ డిఫాల్ట్ ఫైల్ మార్చి అప్‌డేట్-గ్రబ్ నడిపి ఈ పని చేస్తారు. రీబూట్ అయ్యాక ప్రాక్ కింద ఉన్న సీఎండీలైన్ ఫైల్ తెరిచి ఆ మాట అందులో ఉందో లేదో కళ్లారా చూడండి. ఉబుంటులో ఫైల్ మార్చి, అప్‌డేట్-గ్రబ్ నడపడం మర్చిపోయి రెండు గంటలు వెతికిన వాళ్లను చూశాను. ఆ తర్వాత డీమెసేజ్‌లో డీఎంఏఆర్ అని వెతికితే ఐఓఎంఎంయూ ఎనేబుల్ అయినట్టు లైన్ కనపడాలి.

హెచ్చరిక: "ఐఓఎంఎంయూ ఆపేస్తే పర్ఫార్మెన్స్ పెరుగుతుంది" అన్న పాత సలహా ఎక్కడో చదివి దాన్ని ఆపకండి. ఇక్కడ మామూలు యూజర్ ప్రాసెస్ నేరుగా హార్డ్‌వేర్‌తో మాట్లాడుతుంది. ఆ హార్డ్‌వేర్ వేరేవాళ్ల మెమరీలో చెయ్యి పెట్టకుండా ఆపే గోడ ఐఓఎంఎంయూనే. పైగా అది లేకపోతే తర్వాతి అడుగులు ఎలాగూ పనిచేయవు.

3. ఫర్మ్‌వేర్ దొరికిందా?

డ్రైవర్ పేరు క్యూఏటీ_4ఎక్స్ఎక్స్ఎక్స్. కెర్నెల్‌తోనే వస్తుంది, మామూలుగా దానంతట అదే లోడ్ అవుతుంది. కానీ దానికి రెండు ఫర్మ్‌వేర్ ఫైళ్లు కావాలి: డ్రైవర్ పేరుతోనే ఒక బిన్ ఫైల్, పేరు చివర ఎంఎంపీ ఉన్న ఇంకో బిన్ ఫైల్. రెండూ లైనక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీలో ఉంటాయి.

డీమెసేజ్‌లో క్యూఏటీ అని వెతకండి. ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదన్న లైన్ ఉంటే ముందు ఆ ప్యాకేజీ ఉందో చూడండి. ఉన్నా అదే ఎర్రర్ వస్తుంటే అసలు కిటుకు ఇది: డ్రైవర్ ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) దశలోనే లోడ్ అయిపోయింది, ఆ దశలో ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఇంకా అందుబాటులోకి రాలేదు. డ్రాకట్‌తో ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ కట్టండి. తొందరగా పరీక్షించాలంటే మాడ్యూల్‌ను ఆర్ఎంమాడ్‌తో తీసి మాడ్‌ప్రోబ్‌తో మళ్లీ వేయండి. ఇప్పుడు పనిచేస్తే రోగం దొరికినట్టే.

ఇంటెల్ సైట్‌లో విడిగా దొరికే డ్రైవర్ కూడా ఉంది. ఈ తరం చిప్‌కి, మామూలు వాడకానికి, అది వద్దని నా సలహా. కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ కంపైల్ చేయాలి, సెక్యూర్ బూట్ ఉంటే మాడ్యూల్‌కి మీరే సంతకం చేయాలి. రెండు డ్రైవర్లూ కలగాపులగం అయిన మెషీన్ దగ్గర కూర్చోవడం కన్నా కొత్తగా ఓఎస్ వేయడం సుఖం.

4. క్యూఏటీలిబ్, సర్వీస్, పర్మిషన్లు

ఫెడోరా, రెడ్ హ్యాట్ రెపోల్లో క్యూఏటీలిబ్, క్యూఏటీలిబ్-సర్వీస్, క్యూఏటీలిబ్-టెస్ట్స్, క్యూఏటీజిప్, క్యూఏటీఇంజిన్ అనే ప్యాకేజీలు ఉంటాయి. వేసుకున్నాక సర్వీస్ స్టార్ట్ చేయండి:

సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ క్యూఏటీ

ఈ సర్వీస్ ఒక్కో క్యూఏటీ డివైస్‌ను 16 వర్చువల్ ఫంక్షన్లుగా విడగొట్టి, వాటిని వీఎఫ్ఐఓ డ్రైవర్‌కి (మామూలు ప్రోగ్రామ్‌లు డివైస్‌ను నేరుగా వాడుకోనిచ్చేది) అప్పగిస్తుంది. ఇకపై ఈ వర్చువల్ ఫంక్షన్లను వీఎఫ్ అంటాను. నిజంగా అయ్యాయో లేదో చూడాలంటే ఎల్ఎస్‌పీసీఐని ఈసారి 8086:4941తో నడపండి (మీది 4942 అయితే 4943, 4944 అయితే 4945). నాలుగు డివైస్‌లుంటే 64 లైన్లు రావాలి. సున్నా వస్తే వెనక్కి రెండో అడుగుకి వెళ్లండి, ఎస్ఆర్-ఐఓవీ ఆన్ కాలేదు.

ఇప్పుడు పర్మిషన్లు. ఇవి రెండు, రెండూ ముఖ్యమే.

ఒకటి: క్యూఏటీ వాడే యూజర్ క్యూఏటీ అనే గ్రూపులో ఉండాలి. యూజర్‌మాడ్ -ఏజీతో చేర్చి, లాగ్ అవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఆ -ఏ మర్చిపోతే పాత గ్రూపులన్నీ పోతాయి, సుడో కూడా పోయి లబోదిబోమంటారు.

రెండు: మెమ్‌లాక్ పరిమితి. హార్డ్‌వేర్ నేరుగా చదివే మెమరీని ర్యామ్‌లో కదలకుండా కట్టేయాలి, డిఫాల్ట్‌గా మామూలు యూజర్‌కి దొరికే పరిమితి దానికి చాలదు. ఈటీసీ కింద సెక్యూరిటీ ఫోల్డర్‌లోని లిమిట్స్ ఫైల్‌లో క్యూఏటీ గ్రూపుకి మెమ్‌లాక్ 500000 పెట్టి మొదలుపెట్టండి. లెక్క కిలోబైట్లలో. యూలిమిట్ -ఎల్ కొడితే ఆ అంకె కనపడాలి.

ఇక్కడ నా సొంత బాధ ఒకటి చెప్పుకోవాలి. ఇదంతా చేశాక చేత్తో నడిపితే ప్రోగ్రామ్ చక్కగా పనిచేసింది. అదే ప్రోగ్రామ్‌ను సిస్టమ్‌డీ సర్వీస్‌గా పెడితే హార్డ్‌వేర్ దొరకలేదంటూ సాఫ్ట్‌వేర్ మీద నడిచేది. ఒక సాయంత్రమంతా బయోస్‌ని తిట్టుకున్నాను. తీరా చూస్తే లిమిట్స్ ఫైల్‌లో పెట్టింది లాగిన్ అయ్యే యూజర్లకి మాత్రమే, సిస్టమ్‌డీ సర్వీసులు దాన్ని పట్టించుకోవు. సర్వీస్ యూనిట్‌లోనే లిమిట్‌మెమ్‌లాక్= అని విడిగా రాయాలి. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో ఒక్క లైన్ కలిపితే సరిపోయింది. ఇప్పుడు ఎవరు అడిగినా ముందు దీన్నే చూడమంటాను.

ఈ దశలో ప్రాథమిక పరీక్ష: టెస్ట్స్ ప్యాకేజీలోని సీపీఏ_శాంపిల్_కోడ్‌ను సైన్‌ఆఫ్‌లైఫ్=1తో నడపండి. చివర్లో శాంపిల్ కోడ్ విజయవంతంగా పూర్తయిందన్న లైన్ రావాలి. అది వచ్చేదాకా వెబ్ సర్వర్ జోలికి వెళ్లొద్దు.

5. ఎన్‌క్రిప్షనా, కంప్రెషనా?

ఏమీ చెప్పకపోతే కెర్నెల్ తనే పంచుతుంది: సరి సంఖ్య డివైస్‌లు ఎన్‌క్రిప్షన్‌కి, బేసి సంఖ్యవి కంప్రెషన్‌కి. మీ సర్వర్ పని హెచ్‌టీటీపీఎస్ మాత్రమే అయితే సగం హార్డ్‌వేర్ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుందన్నమాట.

ఈటీసీ కింద సిస్‌కాన్ఫిగ్ ఫోల్డర్‌లో క్యూఏటీ అనే ఫైల్‌లో సర్వీసెస్‌ఎనేబుల్డ్= అని రాసి విలువ ఇవ్వండి. టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్) పనికి సిమ్;ఎసిమ్, అంటే సిమెట్రిక్, ఎసిమెట్రిక్ ఎన్‌క్రిప్షన్. బ్యాకప్, లాగ్ కంప్రెషన్‌కి డీసీ. రెండూ కావాలంటే ఆ లైన్ రాయకుండా వదిలేయండి, డిఫాల్ట్ పంపకమే నయం.

మార్చే క్రమం ఇది: క్యూఏటీ వాడే అప్లికేషన్లు ఆపండి, క్యూఏటీ సర్వీస్ ఆపండి, ఫైల్ మార్చండి, సర్వీస్ స్టార్ట్ చేయండి, అప్పుడు అప్లికేషన్లు. అప్లికేషన్ నడుస్తుండగా కింద నుంచి వీఎఫ్‌లు లాగేస్తే ఏమవుతుందో ప్రొడక్షన్‌లో తెలుసుకోవద్దు.

సర్వీస్ లేకుండా సిస్‌ఎఫ్ఎస్‌లోనే చేత్తో మార్చే దారి కూడా ఉంది. డివైస్ ఫోల్డర్ లోపల క్యూఏటీ ఫోల్డర్‌లో స్టేట్ ఫైల్‌కి డౌన్ అని, సీఎఫ్‌జీ_సర్వీసెస్ ఫైల్‌కి కొత్త విలువ, మళ్లీ స్టేట్‌కి అప్ అని రాయాలి. వీఎఫ్‌లు ముందే తీసేసి ఉండాలి. ఒక్క జాగ్రత్త: సిమ్;ఎసిమ్ అని ఎకో చేసేటప్పుడు కోట్స్ పెట్టండి. పెట్టకపోతే షెల్ ఆ సెమీకోలన్ దగ్గర కమాండ్‌ను రెండుగా నరికేస్తుంది. "ఎసిమ్: కమాండ్ నాట్ ఫౌండ్" అని వస్తే జరిగింది ఇదే.

6. పాలసీ: అందరూ దాటేసే ఒక్క లైన్

అదే సిస్‌కాన్ఫిగ్ ఫైల్‌లో పాలసీ= అనే లైన్ ఉంటుంది. ఒక్కో ప్రాసెస్‌కి ఎన్ని వీఎఫ్‌లు ఇవ్వాలో చెప్పేది ఇదే. ట్యూనింగ్‌లో నాకు అన్నిటికన్నా ఎక్కువ ఫలితం కనపడింది దీని దగ్గరే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

పాలసీ=0 అంటే డిఫాల్ట్. ప్రతి ప్రాసెస్‌కి ప్రతి డివైస్ నుంచి ఒక్కో వీఎఫ్. వినడానికి ఉదారంగా ఉంది. ఇప్పుడు లెక్క వేయండి. ఒక్కో డివైస్‌లో ఉన్నవి 16 వీఎఫ్‌లే. అంటే 16 ప్రాసెస్‌లు వచ్చేసరికి బుట్ట ఖాళీ. సాకెట్లు ఎన్ని ఉన్నా ఈ 16 మారదు.

మీ వెబ్ సర్వర్ 32 వర్కర్ ప్రాసెస్‌లతో నడుస్తోందనుకోండి. మొదటి 16 వర్కర్లకి నాలుగేసి వీఎఫ్‌లు దొరుకుతాయి, మిగతా 16కి ఏమీ దొరకదు. పెళ్లి భోజనాల్లో మొదటి బంతి వాళ్లు విస్తరి నిండా వడ్డించుకుంటే రెండో బంతికి పెరుగన్నం కూడా మిగలనట్టు. బయటికి కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది: సగం కనెక్షన్లు చురుగ్గా, సగం మామూలుగా. సగటు చూస్తే "ఏదో కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అసలు తప్పు దొరకదు.

పాలసీ=1 పెడితే ప్రాసెస్‌కి ఒక వీఎఫ్. నాలుగు డివైస్‌ల మెషీన్‌లో 64 ప్రాసెస్‌ల దాకా సరిపోతుంది. పాలసీ=2 అయితే 32 ప్రాసెస్‌లు. ఒక్కో వీఎఫ్‌లో నాలుగు రింగ్ జతలు (రిక్వెస్టులు, జవాబులు తిరిగే వరుసలు) ఉంటాయి కాబట్టి ఒక వర్కర్‌కి ఒక వీఎఫ్ చాలా సందర్భాల్లో చాలు.

కానీ ఒక మెలిక ఉంది. ఐదో అడుగులో డిఫాల్ట్ పంపకం వదిలేసి, ఇక్కడ పాలసీ=1 పెడితే మీ టీఎల్ఎస్ వర్కర్‌కి కంప్రెషన్ మాత్రమే చేసే వీఎఫ్ తగిలే ప్రమాదం ఉంది. అందుకే నేను పాటించేది ఇది: పాలసీ=1 పెట్టాలంటే అన్ని డివైస్‌లూ ఒకే సర్వీస్‌లో ఉండాలి. కలగలుపు కావాలంటే పాలసీ=0 ఉంచి, వర్కర్ల సంఖ్య 16 లోపు పెట్టుకోవాలి.

ఇంకో చిన్న విషయం. మీరు పక్కన ఇంకో టెర్మినల్‌లో పరీక్ష నడిపితే అది కూడా వీఎఫ్‌లు తీసుకుంటుంది. నిండా వాడకంలో ఉన్న మెషీన్ మీద "ఒకసారి చూద్దాం" అని బెంచ్‌మార్క్ నడపకండి.

7. ఎన్‌క్రిప్షన్ వేగం కొలవడం

ముందు సాఫ్ట్‌వేర్ అంకె తీసుకోండి:

ఓపెన్ఎస్ఎస్ఎల్ స్పీడ్ -ఎలాప్స్‌డ్ ఆర్ఎస్ఏ2048

తర్వాత హార్డ్‌వేర్‌తో (ఇంజిన్ అంటే ఓపెన్ఎస్ఎస్ఎల్ పనిని క్యూఏటీకి మళ్లించే ప్లగిన్):

ఓపెన్ఎస్ఎస్ఎల్ స్పీడ్ -ఇంజిన్ క్యూఏటీఇంజిన్ -ఎలాప్స్‌డ్ -ఎసింక్_జాబ్స్ 64 ఆర్ఎస్ఏ2048

-ఎలాప్స్‌డ్ తప్పనిసరి. అది లేకపోతే ఓపెన్ఎస్ఎస్ఎల్ గడియారం సమయం కాకుండా సీపీయూ వాడిన సమయాన్నే లెక్కిస్తుంది. పని హార్డ్‌వేర్ చేస్తోంది కాబట్టి సీపీయూ సమయం చాలా తక్కువ, భాగిస్తే ఆకాశాన్నంటే అంకె వస్తుంది. నేను ఆ అంకెను స్లైడ్‌లో పెట్టి మీటింగ్‌లో చూపించాను కూడా. వెనక కూర్చున్న ఒకాయన "ఇది ఎలాప్స్‌డ్‌తోనేనా?" అని మెల్లగా అడిగాడు. ఆ తర్వాత స్లైడ్లు ముందుకు కదలలేదు.

-ఎసింక్_జాబ్స్ అంటే ఒకేసారి ఎన్ని పనులు మరకి పంపాలన్నది. దాన్ని 1, 8, 32, 64 చొప్పున మారుస్తూ నాలుగుసార్లు నడపండి. 1 దగ్గర క్యూఏటీ మీ సీపీయూ కన్నా నెమ్మదిగా ఉన్నా ఆశ్చర్యం లేదు, అది గుప్పెడు బియ్యం కథ. అంకె పెరుగుతూ పోయి ఎక్కడో ఆగిపోతుంది. ఆ ఆగిన చోటు మీ ఒక్క ప్రాసెస్ హద్దు. అక్కడి నుంచి -మల్టీతో ప్రాసెస్‌లు పెంచండి, పోల్చే సాఫ్ట్‌వేర్ పరీక్షలోనూ అంతే -మల్టీ ఇవ్వండి. ఒక కోర్‌ను మొత్తం హార్డ్‌వేర్‌తో పోల్చి గెలిచామనుకోవడం న్యాయం కాదు.

ఏ పనికి లాభం? ఆర్ఎస్ఏ 2048 హ్యాండ్‌షేక్‌కి (కనెక్షన్ మొదలయ్యేటప్పుడు జరిగే తాళాల ఒప్పందం) లాభం బాగా కనపడుతుంది. ఈసీడీఎస్ఏ పీ-256కి సాఫ్ట్‌వేరే బాగా పదునెక్కింది, అక్కడ తేడా తక్కువ. హ్యాండ్‌షేక్ తర్వాత డేటా నడిచే ఏఈఎస్-జీసీఎం సంగతైతే సీపీయూకే వదిలేయడం మేలు. ఆ పనిలో మిక్సీనే ముందుంటుంది.

ఓపెన్ఎస్ఎస్ఎల్ 3.0 నుంచి ఇంజిన్ పద్ధతి పాతబడింది, దాని స్థానంలో ప్రొవైడర్ వచ్చింది. మీ డిస్ట్రోలో ఇంజిన్ లోడ్ కాకపోతే -ఇంజిన్ బదులు -ప్రొవైడర్ క్యూఏటీప్రొవైడర్ అని ఇవ్వండి. మిగతావన్నీ అవే.

8. వెబ్ సర్వర్‌కి కలపడం

మామూలు ఎన్జిన్ఎక్స్‌కి ఇంజిన్ తగిలిస్తే స్పీడ్ తగ్గడం సహజం. అది ఒక్కో హ్యాండ్‌షేక్‌ని పంపి, జవాబు వచ్చేదాకా వర్కర్‌ను అక్కడే నిలబెడుతుంది. ఎసింక్ పద్ధతి (జవాబు కోసం ఆగకుండా ఇంకో పని చూసుకోవడం) కోసం ఇంటెల్ విడిగా మార్చి ఇచ్చే ఎన్జిన్ఎక్స్ ఉంది, దాన్ని మీరే కంపైల్ చేసి నిర్వహించుకోవాలి. ఆ బరువు మోయలేమనుకుంటే హెచ్ఏప్రాక్సీ (లోడ్ బ్యాలెన్సర్) చూడండి, అందులో ఎసింక్ 1.8 నుంచే ఉంది. మీ బిల్డ్‌లో ఇంజిన్ సపోర్ట్ ఉండాలి. గ్లోబల్ విభాగంలో రెండు లైన్లు:

ఎస్ఎస్ఎల్-ఇంజిన్ క్యూఏటీఇంజిన్ ఆల్గో ఆర్ఎస్ఏ
ఎస్ఎస్ఎల్-మోడ్-ఎసింక్

చాలామంది ఆల్గో ఆల్ అని పెట్టేస్తారు. అప్పుడు చిన్న చిన్న సైఫర్ పనులు కూడా మరకి పోతాయి. ఆర్ఎస్ఏతో మొదలుపెట్టి, కొలుస్తూ ఒక్కొక్కటీ కలపండి.

హెచ్ఏప్రాక్సీ నడిచే యూజర్‌ను క్యూఏటీ గ్రూపులో చేర్చారా? యూనిట్‌లో లిమిట్‌మెమ్‌లాక్ రాశారా? రెండూ ఉన్నా పనిచేయకపోతే రెడ్ హ్యాట్ కుటుంబంలో ఎస్ఈలైనక్స్ ఆడిట్ లాగ్ చూడండి. అడ్డు అదే అయితే అవసరమైనంత అనుమతి రాయండి, ఎస్ఈలైనక్స్‌నే పూర్తిగా ఆపేయొద్దు.

9. కంప్రెషన్

ఇది సులువు. క్యూఏటీజిప్‌తో వచ్చే క్యూజిప్ కమాండ్ జిజిప్ లాగే ఉంటుంది. -కే ఇస్తే అసలు ఫైల్ అలాగే ఉంటుంది, పరీక్షల్లో ఇది మర్చిపోకండి.

పరీక్షకి పెద్ద టెక్స్ట్ లాగ్‌నో డేటాబేస్ డంప్‌నో తీసుకుని టీఎంపీఎఫ్ఎస్‌లో, అంటే ర్యామ్‌లో పెట్టండి. డిస్క్ నెమ్మదిగా ఉంటే మీరు కొలిచేది డిస్క్‌నే. ఫొటోలు, వీడియోలు పెట్టి కంప్రెషన్ బాలేదనకండి, అవి ముందే పిండేసిన పిప్పి. టైమ్ కమాండ్‌తో నడిపి రియల్, యూజర్ రెండూ రాసుకోండి. యూజర్ సమయం బాగా పడిపోవడమే అసలు లాభం. పోటీకి జిజిప్‌తో పాటు పిగ్జ్‌ను (చాలా కోర్లు వాడుకునే జిజిప్) కూడా నిలబెట్టండి.

వచ్చిన ఫైల్‌ను జిజిప్ -టీతో పరీక్షించండి. తర్వాత విప్పి, అసలు ఫైల్‌తో షా256సమ్ పోల్చండి. బ్యాకప్‌లకి ఈ పని మొదటి వారం రోజూ చేయండి.

తెలిసి ఉండాల్సినవి రెండు. క్యూజిప్ డేటాను డిఫాల్ట్‌గా 64 కేబీ ముక్కలుగా హార్డ్‌వేర్‌కి పంపుతుంది కాబట్టి ఫైల్ జిజిప్ డిఫాల్ట్ కన్నా కాస్త పెద్దగా రావచ్చు. రెండోది: క్యూజిప్ చేసిన ఫైల్‌ను జిజిప్ విప్పుతుంది. కానీ మామూలు జిజిప్ చేసిన పెద్ద ఫైల్‌ను క్యూజిప్‌కి ఇస్తే, ముక్కలు ఎక్కడ తెగుతాయో చెప్పే గుర్తులు అందులో లేవు కాబట్టి సాఫ్ట్‌వేర్‌తోనే విప్పుతుంది. "కంప్రెషన్ వేగంగా ఉంది, విప్పడం మాత్రం లేదు" అన్న ఫిర్యాదుకి కారణం చాలాసార్లు పాత ఫైళ్లే. 1 కేబీ కన్నా చిన్న బఫర్లను అసలు హార్డ్‌వేర్‌కే పంపదు, అది మంచిదే.

10. నిజంగా హార్డ్‌వేరే చేస్తోందా?

ఇది దాటేయకండి. క్యూజిప్ హార్డ్‌వేర్ దొరక్కపోతే చప్పుడు చేయకుండా సాఫ్ట్‌వేర్‌తో పని ముగిస్తుంది. క్యూఏటీఇంజిన్ కొన్ని బిల్డుల్లో ఏవీఎక్స్-512తో నడిచే సాఫ్ట్‌వేర్ దారి కూడా ఉంటుంది, అది కూడా మామూలు కన్నా వేగంగానే ఉంటుంది. అంకె పెరిగిందని మీరు సంతోషపడుతుంటారు, హార్డ్‌వేర్ నిద్రపోతూ ఉంటుంది.

కెర్నెల్ 6.6 నుంచి డీబగ్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన లోపలి లెక్కలు చూపించే చోటు) ఒక్కో డివైస్‌కి ఒక ఫోల్డర్, అందులో ఎఫ్‌డబ్ల్యూ_కౌంటర్స్ అనే ఫైల్ ఉంటుంది. ఫర్మ్‌వేర్‌కి ఎన్ని రిక్వెస్టులు వెళ్లాయో, ఎన్ని జవాబులు వచ్చాయో అందులో చూపిస్తుంది. పరీక్షకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి క్యాట్ చేయండి. అంకె కదలకపోతే హార్డ్‌వేర్ పని చేయలేదు, ఇక వాదన అనవసరం. రిక్వెస్టులకీ జవాబులకీ తేడా వచ్చి, లోడ్ ఆగాక కూడా అలాగే ఉంటే డివైస్ ఇరుక్కుపోయింది, డీమెసేజ్ చూడండి.

కెర్నెల్ 6.8 నుంచి టెలిమెట్రీ ఫోల్డర్ కూడా ఉంది. అందులో కంట్రోల్ ఫైల్‌కి 1 రాసి, డివైస్_డేటా చదివితే ఇంజిన్లు ఎంత శాతం పనిలో ఉన్నాయో కనపడుతుంది. నాలుగు డివైస్‌లలో ఒకటే ఊపిరాడక, మూడు ఖాళీగా ఉంటే పాలసీ దగ్గరికి తిరిగి వెళ్లండి.

మిగిలిన ట్యూనింగ్

రెండు సాకెట్ల మెషీన్ అయితే డివైస్ ఏ వైపు ఉందో దాని సిస్‌ఎఫ్ఎస్ ఫోల్డర్‌లోని న్యూమా_నోడ్ చెప్తుంది. ప్రాసెస్‌ను న్యూమాసీటీఎల్‌తో అదే వైపు కట్టేయండి. లోడ్ ఆగి ఆగి వచ్చే చోట మొదటి రిక్వెస్టులు ఆలస్యమవుతుంటే పీఎం_ఐడిల్_ఎనేబుల్డ్‌లో 0 రాసి చూడండి, డివైస్ ఎప్పుడూ పూర్తి శక్తిలో ఉంటుంది. కరెంటు ఖర్చు పెరుగుతుంది. దీన్నీ స్టేట్ డౌన్‌లో ఉన్నప్పుడే మార్చాలి.

డిస్క్ ఎన్‌క్రిప్షన్ గురించి కూడా చాలామంది అడుగుతారు. లక్స్ డిస్క్‌కి క్యూఏటీ వాడే ఆలోచన మానుకోండి. కెర్నెల్ లోపలి వాడకం ఎక్కువగా చిన్న బఫర్లతో, ఒకదాని తర్వాత ఒకటిగా సాగుతుంది. కొత్త కెర్నెళ్లలో డ్రైవర్ రాసేవాళ్లే ఈ కారణం చెప్పి, అలాంటి సైఫర్లలో క్యూఏటీ ప్రాధాన్యాన్ని తగ్గించేశారు. క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ నడిపి సీపీయూ అంకె చూసుకోండి, చాలు.

పాత సీ62ఎక్స్ చిప్‌సెట్ ఉన్నవాళ్లకి పైన చెప్పిన క్యూఏటీలిబ్ దారి లేదు. ఇంటెల్ విడి డ్రైవర్ వేసి, ఏడీఎఫ్_సీటీఎల్‌తో నడపాలి. అక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: డివైస్ కాన్ఫిగ్ ఫైల్‌లో షిమ్ అనే సెక్షన్ ఉండాలి. క్యూఏటీఇంజిన్, క్యూఏటీజిప్ రెండూ ఆ పేరే వెతుకుతాయి. డిఫాల్ట్ ఫైల్‌లో ఎస్ఎస్ఎల్ అని ఉన్న సెక్షన్‌ను చూసి అంతా ఉందనుకుంటారు, ప్రోగ్రామ్‌కి మాత్రం ఒక్క ఇన్‌స్టెన్స్ కూడా దొరకదు.

వెనక్కి వెళ్లాలంటే: హెచ్ఏప్రాక్సీలో ఆ రెండు లైన్ల ముందు హ్యాష్ పెట్టి రీస్టార్ట్ చేయండి, తర్వాత క్యూఏటీ సర్వీస్‌ను డిజేబుల్ --నౌ చేయండి. ఐఓఎంఎంయూ పారామీటర్‌ను అలాగే ఉంచేయండి, దాని కోసం ఇంకో రీబూట్ అక్కర్లేదు.